ఎనిమిదో రోజు, పదకొండో రోజు

నాకు కోపం ఎక్కువ. మా ఇంట్లో ఇది కొత్త వార్తేమీ కాదు గానీ, ముందే చెప్పకపోతే తర్వాత జరిగిందానికి మీకు నవ్వు రాదు. వచ్చినంత వేగంగానే పోతుంది కూడా. అయితే ఆ మధ్యలో నేను అనే మాటలు మాత్రం పోవని మా ఆయన అంటాడు.

అది 2021 జనవరి. ఐర్లండులోని స్లైగోలో మూడో లాక్‌డౌన్. బడులు మూశారు. ఐదు కిలోమీటర్లు దాటి కదలకూడదు, ఒకరింటికి ఒకరు వెళ్ళకూడదు. మా ఆయన ఇక్కడి ఆసుపత్రిలో డాక్టరు, చీకటితో వెళ్ళి చీకటితో వచ్చేవాడు. వంటింటి బల్లకి ఒక చివర నా ఆఫీసు, రెండో చివర మా అమ్మాయి నాలుగో తరగతి. బ్యూటీ పార్లర్లు కూడా మూసేశారు. రంగు ఇంట్లోనే వేసుకోవచ్చు, కానీ ఎవరు చూడొచ్చారులే అని మానేశాను. నలభై ఏడేళ్ళకే నా తల ముప్పాతిక వంతు నెరిసిందన్న రహస్యం నెల తిరిగేసరికి బయటపడిపోయింది. ఈ జుట్టు సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి.

బళ్ళో టీచరు ఒక ప్రాజెక్టు ఇచ్చింది. ఆఫ్రికాలో ఒక దేశాన్ని ఎంచుకుని, ఆ దేశం నేల, చరిత్ర, ఆచారాలు, రాజధాని గురించి తెలుసుకుని నాలుగు వారాల తర్వాత వీడియో క్లాసులో అందరికీ చెప్పాలి. మా పిల్ల అరగంటలో ఇంటర్‌నెట్ నుంచి పిరమిడ్ల బొమ్మలు దించుకుని, "మమ్, ఇట్స్ గ్రాండ్, అయిపోయింది" అంది. ఇక్కడ గ్రాండ్ అంటే బాగుంది, ఇక చాలు అని. నాకు చిర్రెత్తింది. పక్కింట్లో నిండు మనిషిని పెట్టుకుని పిరమిడ్లేమిటే అని కేకలేశాను.

పక్కింటావిడది ఘానా దేశం, అక్రా నగరం. మా ఆయన పనిచేసే ఆసుపత్రిలోనే నర్సు. కిందటి శరదృతువులో డబ్లిన్ నుంచి బదిలీ మీద వచ్చారు. ఆవిడ చర్చి, స్నేహితులు, ఆ దేశపు పెద్దవాళ్ళు అందరూ డబ్లిన్‌లోనే ఉండిపోయారు. అప్పుడు ఆవిడకి ఎనిమిదో నెల, సెలవులో ఉంది. కాన్పుకి అక్రా నుంచి రావలసిన తల్లి ప్రయాణం రద్దయింది. భర్త బస్సు డ్రైవరు, పగలంతా ఉండడు. పైగా కోవిడ్ వార్డులో పనిచేసిన మనిషని మా వీధిలో కొందరు ఆవిడ ఎదురైతే రోడ్డు దాటి అవతలి పక్కకి పోయేవారు. నేను మాత్రం డాక్టరు భార్యని, నాకేం భయం అని గొప్పలు పోయి, గోడ దగ్గరే నిలబడి గంటలు గంటలు కబుర్లు చెప్పేదాన్ని. ఆవిడ నన్ను ఆంటీ అని పిలిచేది. ఆవిడకీ నాకూ పట్టుమని పన్నెండేళ్ళ తేడా లేదు. మొదటిసారి విన్నప్పుడు ఒళ్ళు మండింది. తర్వాత, వాళ్ళ దేశంలోనూ మన దేశంలోలాగే కాస్త పెద్దగా కనిపించిన ప్రతి ఆడమనిషీ ఆంటీయేనని తెలిసి సర్దుకున్నాను.

పాఠాలు గోడ మీదే జరిగాయి. మా రెండు దొడ్లకీ మధ్య నడుమెత్తు గోడ. వాన లేని పూట ఆవిడ అటువైపు కుర్చీ వేసుకుని, కోటు మీద దుప్పటి కప్పుకుని కూర్చునేది. ఇటువైపు సిమెంటు గచ్చు మీద నేను బియ్యప్పిండితో, ముగ్గు వేసినట్టు, ఘానా పటం వేసేదాన్ని. కాగితం మీద గీస్తే గోడ అవతలికి కనపడదు మరి. కింద సముద్రం, సముద్రపు ఒడ్డునే అక్రా. పైకి పోతే అడవులు, కోకో తోటలు. ఇంకా పైకి పోతే చెట్లు తగ్గి గడ్డి నేల. తూర్పు వైపు మనుషులు ఆనకట్ట కట్టి నిలిపిన మహా సరస్సు. నేను దాన్ని మా కాకినాడ వైపు చేపల చెరువంత వేస్తే ఆవిడ ఒప్పుకోలేదు. అంత చిన్న సరస్సుతో మా దేశానికి దీపాలు వెలగవు ఆంటీ, చెరిపి మళ్ళీ వెయ్యండి అంది.

చలికాలం నెలల్లో అక్కడ ఎడారి మీంచి దుమ్ముగాలి వీస్తుందట. పెదవులు పగులుతాయట, పొద్దున ఆరేసిన తెల్లబట్ట మధ్యాహ్నానికి ఎర్రబడుతుందట. స్లైగో వానలో కూర్చుని ఆ దుమ్ము కోసం బెంగపెట్టుకునే మనిషిని చూస్తే నాకు నవ్వూ వచ్చేది, జాలీ వేసేది. పటం పూర్తయ్యేసరికి మా ఊరి వాన రానే వచ్చేది. అరగంటలో దేశమంతా కాలవలోకి పోయేది. మర్నాడు మళ్ళీ మొదలు. ఒకరోజు వాన రాలేదని సంతోషించేలోపు సముద్రపు కాకులు దిగి ఉత్తర సరిహద్దంతా తినేశాయి.

చరిత్ర కూడా అలా ముక్కలు ముక్కలుగానే వచ్చింది. బంగారం దొరికే తీరం కాబట్టి తెల్లవాళ్ళు ఆ పేరే పెట్టారట. స్వాతంత్ర్యం వచ్చాక ఆ పేరు తీసేసి, ఉత్తరాన ఎక్కడో ఒకప్పుడు వెలిగిన పాత రాజ్యం పేరు పెట్టుకున్నారు. మనకి 1947, వాళ్ళకి 1957. ఐర్లండుది ఇంకా ముందు. మూడు దేశాలకీ పాత ఇంటి ఓనరు ఒకడేనన్నమాట అన్నాను. మా అమ్మాయికి అది నచ్చి, ప్రాజెక్టులో రాసుకుంది. తీరం పొడుగునా ఉన్న కోటల గురించి చెప్పేటప్పుడు మాత్రం ఆవిడ గొంతు తగ్గింది. బానిసలుగా పట్టుకున్నవాళ్ళని వాటిలో నెలల తరబడి బంధించేవారట. సముద్రం వైపు ఒక ఇరుకు ద్వారం ఉంటుందట. అందులోంచి ఓడ ఎక్కినవాళ్ళు మళ్ళీ తిరిగి రాలేదు. ఆవిడ చిన్నప్పుడు బడివాళ్ళు తీసుకెళ్ళి చూపిస్తే, ఇంటికొచ్చి రెండు రోజులు అన్నం తినలేదట. ఆ రోజు మేము ఇంకేమీ ముగ్గు వెయ్యలేదు.

అక్రా గురించి చెప్పమంటే ఆవిడ మొహం విప్పారేది. ఆ పేరుకి చీమలని అర్థమట. మొదట వచ్చి స్థిరపడ్డ జనం చీమల దండులా ఉన్నారని పక్క ఊళ్ళవాళ్ళు పెట్టిన పేరు. ఆవిడ పుట్టింది పాత లైట్‌హౌస్ ఉన్న జాలరిపేటలో. అక్కడ మంగళవారం ఎవరూ వేటకి వెళ్ళరు, ఆ రోజు సముద్రానికి సెలవు. పులిసిన మొక్కజొన్న పిండిని పొత్తి ఆకుల్లో చుట్టి ఉడికించిన ముద్ద, వేయించిన చేప, మిరప్పచ్చడి. ఇవి తలచుకుంటే చాలు, ఆవిడ గుటకలు మింగేది. నేను నాలుగో రోజు పులిసిన పిండితో దిబ్బరొట్టె వేసి, గోంగూర పచ్చడి పెట్టి గోడ మీద ఉంచాను. తిని, ఇది మా ఇంటికి మేనత్త కూతురవుతుంది అంది.

అక్రాలో పంట పండగకి ముందు ఒక నెల రోజులు డప్పు కొట్టకూడదట, పెద్దగా పాటలు పెట్టకూడదట, ఊరంతా గుట్టుచప్పుడు కాకుండా ఉండాలట. పండగ రోజున మాత్రం ఆకలిని ఎగతాళి చేస్తూ గోల గోల. "మీరంతా లాక్‌డౌన్ కొత్తంటారు. మా ఊరికి ఏటా ఉంటుంది. ఆఖర్న డప్పులుంటాయని తెలిస్తే మనిషి ఎంతకాలమైనా నోరు మూసుకుంటాడు" అంది ఆవిడ. ఆ మాట నాకు టీవీలో విన్న మంత్రుల ప్రసంగాలన్నిటికన్నా ఎక్కువ ధైర్యం ఇచ్చింది.

నాకు అసూయ కలిగించిన విషయం ఒక్కటే. అక్రాకీ స్లైగోకీ చలికాలంలో గడియారం ఒకటే. భూమిని నిలువునా కోసే సున్నా గీత అక్రా పక్క నుంచే పోతుంది. ఆవిడ పొద్దున లేచి తల్లికి ఫోన్ చేస్తే అక్కడా పొద్దునే. నేను రాజమండ్రిలో ఉన్న మా అక్కకి ఫోన్ చెయ్యాలంటే ఐదున్నర గంటలు కూడుకోవాలి.

ఇక ఆచారాల పాఠం రోజున నాకు ఆఫీసు మీటింగు. మా అమ్మాయి ఒక్కతే గోడ దగ్గర కూర్చుని నోట్సు రాసుకుంది. సాయంత్రం ఆ కాగితాలు నా ముందు పెడితే, చేతిరాత బాగోలేదని ఒక కేక వేసి తిరిగి ఇచ్చేశాను. చదవలేదు.

ఫిబ్రవరిలో ఒక గురువారం ఆవిడ ప్రసవించింది. ఆడపిల్ల. మా ఆయన ఆసుపత్రి నుంచి ఫోన్ చేసి చెప్తే నేను ఎగిరి గంతేశాను. వెంటనే మా అమ్మాయిని పిలిచి, పురుడు వెళ్ళేదాకా, పదకొండో రోజు దాకా, ఆ గోడ దగ్గరికి పోవద్దని గట్టిగా చెప్పాను. పచ్చి బాలింత, పసిగుడ్డు, ఊరంతా జబ్బు. పైగా మైల. పదకొండో రోజున తలంటు అయ్యాక బాలింతకి మినపసున్ని, కాయం, పిల్లకి కొత్త గౌను పట్టుకుని వెళదామని నా ప్లాను. చిన్నప్పటి నుంచి చూసిందదే. మన పద్ధతి వాళ్ళకి తెలుసా లేదా అన్న ఆలోచన నా బుర్రకి తట్టనే లేదు.

శనివారం వాళ్ళు ఇంటికి వచ్చారు. భర్త నేరుగా వెనక దొడ్లోకి వచ్చి, పిల్లని కారు సీటుతో సహా గోడ మీదకి ఎత్తి నన్ను పిలిచాడు. నేను వంటింటి గుమ్మం దాటలేదు. అక్కడి నుంచే రెండు చేతులూ ఊపి, చాలా సంతోషం, మళ్ళీ కలుస్తాం అని చెప్పి, పసిపిల్లకి గాలి తగులుతుందని నేనే ముందుగా తలుపు వేసేశాను. మిగతా రోజులు ఆ పక్క కిటికీకి తెర కూడా దించాను. దూరంగా ఉండడం కూడా ఆదరమే అనుకున్నాను. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

బుధవారం పదకొండింటికి మా అమ్మాయి వంతు వచ్చింది. నేను పక్కన గిన్నెలు తోముకుంటూ వింటున్నాను. సరస్సు, కోకో, కోటలు, చీమలు, పాత ఇంటి ఓనరు, అన్నీ తన ఐరిష్ యాసలో బాగానే చెప్పింది. ఆఖర్న ఆచారాలు. అక్రాలో బిడ్డ పుట్టాక ఏడు రోజుల దాకా చుట్టం కిందే లెక్క, ఉంటుందో వచ్చినచోటికే పోతుందో తెలియదు, అందుకని పేరు పెట్టరు. ఎనిమిదో రోజు తెల్లవారుతుండగా మంచి నడవడి ఉన్న పెద్దవాళ్ళు ఒకరు బిడ్డని మొదటిసారి బయటికి తెచ్చి, ఆకాశానికీ నేలకీ చూపించి, నాలుక మీద నీటి చుక్క, సారా చుక్క తాకించి, అబద్ధం ఆడకని చెప్తారు. ఆ పెద్దవాళ్ళ గుణమే బిడ్డకి వస్తుందని నమ్మకం. ఇదంతా చెప్పి మా అమ్మాయి గుక్క తిప్పుకుంది. "మా పక్కింటావిడ వాళ్ళమ్మ రాలేకపోయింది. ఐదు కిలోమీటర్ల లోపల వాళ్ళకి ఉన్న పెద్దావిడ మా మమ్ ఒక్కతే. ఆమెనే అడుగుతానంది. కానీ మా మమ్ తలుపు వేసుకుంది."

కుళాయి కట్టేసి వేళ్ళ మీద లెక్కపెట్టాను. గురువారం పుట్టిన పిల్లకి ఎనిమిదో రోజు రేపే.

క్లాసు అయ్యాక, ముందే ఎందుకు చెప్పలేదే అని దాని మీద విరుచుకుపడ్డాను. "రాసిచ్చాను కదా. హ్యాండ్‌రైటింగ్ బాలేదన్నావ్" అంది. నాకు లోపల ఇంకో భయం. పురుడు వెళ్ళకుండా వెళ్ళి పిల్లని ఎత్తుకుంటే తప్పా? అక్కకి ఫోన్ చేశాను. అక్కడ సాయంత్రం, పూలు కట్టుకుంటోంది. అంతా వింది.

"ఏవే, వాళ్ళకి పురుడుంటే నీకెందుకే మైల? నువ్వేమన్నా వాళ్ళ దాయాదివా?" అంది. "దాయాదులకి కదే పురుడు. పక్కింటోళ్ళకి ఏముంటాది? నా నలుగురు బిడ్డల పురుళ్ళు చూశావు, ఇదా నువ్వు నేర్చుకుంది? మనిషి లేక అల్లాడతన్న పిల్ల మొహమ్మీద తలుపేశావా?"

ఫోన్ పెట్టేసి ఏడ్చాను. కోవిడ్ వార్డు నర్సని రోడ్డు దాటిపోయినవాళ్ళ జాబితాలో ఆవిడ నన్ను కూడా చేర్చేసుకుని ఉంటుంది. నాకు లేని భయాన్ని నాకు నేనే అంటగట్టుకున్నాను.

ముక్కు తుడుచుకుని దొడ్లోకి వెళ్ళి గోడ దగ్గర నిలబడి పిలిచాను. భర్త వచ్చాడు. గోడకి రెండు గజాల దూరంలోనే ఆగాడు. చాలా మర్యాదగా, మేము గ్రాండ్, ఏమీ అక్కర్లేదు, రేపు మేమే చేసుకుంటాం అన్నాడు. ఇక్కడివాళ్ళ దగ్గర నేర్చుకున్న గ్రాండ్ అది, దాని మీద ఇంకో మాట మాట్లాడడానికి ఉండదు. అయినా నేను వదల్లేదు. పదకొండు రోజులు, మైల, తలంటు, దాయాదులు, మా అక్క తిట్లు, అన్నీ కలగలిపి నాకొచ్చిన ఇంగ్లీషులో గడగడా చెప్పాను. అతనికి ఒక్క ముక్క అర్థమైనట్టు లేదు. పై అంతస్తు కిటికీ తెరుచుకుంది. ఆవిడ వింటూనే ఉంది.

"పదకొండు రోజులా?" అంది. "పదకొండు రోజులు పేరు లేకుండా పిల్లని ఏమని కసురుకుంటారు ఆంటీ?"

అని నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. నేనూ అంతే. మీరు ఎనిమిది, మేము పదకొండు, భయం మాత్రం ఒకటే కదా అన్నాను. పొద్దున వస్తారా అని అడిగింది. వస్తాను గానీ నా గుణం నీ పిల్లకి వస్తే తర్వాత నన్ను అనకూడదు అన్నాను.

రాత్రి భోజనాల దగ్గర ఈ సంగతి చెప్తే మా ఆయన తింటున్న ముద్ద ఆపి, "మంచి నడవడా? ఎవరిది?" అన్నాడు. ఆ ఒక్క రాత్రికి నేను కోపం తెచ్చుకోలేదు. సారా బదులు ఏదో ఒకటి కావాలి. ఆవిడ తల్లి తేవలసిన సీసా అక్రాలోనే ఉండిపోయింది. మా వంటింట్లో పై ప్రెస్‌లో, ఇక్కడ అలమరాని ప్రెస్ అంటారు, కందిపప్పు డబ్బా వెనక, క్రిస్మస్‌కి ఒక పేషెంటు ఇచ్చిన విస్కీ మూత కూడా తియ్యకుండా ఉంది. పుట్టి బుద్ధెరిగిన తర్వాత మందు సీసా నేను ముట్టుకోవడం అదే మొదలు.

స్లైగోలో చలికాలపు తెల్లవారుజాము అంటే మనుషులు లేవదగ్గ ఎనిమిది గంటలు. తలస్నానం చేసి, పట్టుచీర మీద రెయిన్‌కోటు, మొహానికి మాస్కు. మా ఆయన ఆపరేషన్‌కి ముందు కడుక్కున్నట్టు నా చేతులు మోచేతుల దాకా కడిగించాడు. గోడకి ఇటు మేము ముగ్గురం, అటు వాళ్ళు ముగ్గురు. గోడ మీద ఫోను నిలబెట్టారు. అందులో అక్రాలో అమ్మమ్మ. అక్కడా అదే ఎనిమిది. ఆవిడ వెనక గోడ మీద ఎండ ధగధగలాడుతోంది.

పిల్లని గోడ మీంచి నా చేతుల్లో పెట్టారు. దుప్పట్ల మధ్య పిడికెడు మొహం. ఎనిమిది రోజుల చుట్టం. మూడుసార్లు ఆకాశం వైపు ఎత్తాను. మేజోడు తీసి ఒక్క క్షణం అరికాలు తడిగడ్డికి తాకించాను. గయ్యిమంది. ఇంటి కప్పు మీద నీళ్ళు చల్లి, జారిన చుక్కలు బిడ్డ మీద పడేలా చూస్తారట వాళ్ళ వైపు, వాన అంటే ఇదీ అని చెప్పడానికి. దానికోసం తండ్రి చెంబుతో నీళ్ళు పట్టుకుని నిలబడ్డాడు. ఆ అవసరం లేకపోయింది. స్లైగో వాన తన పని తనే మొదలుపెట్టింది.

ఏ భాషలో చెప్పాలని అడిగితే, అబద్ధం ఆడని భాషలో చెప్పమంది తల్లి. తెలుగులోనే చెప్పాను. తడి వేలు పెదవికి తాకించి, "ఇవి నీళ్ళు తల్లీ. నీళ్ళని నీళ్ళనే చెప్పు" అన్నాను. విస్కీ వాసన మాత్రం అంటిన వేలు తాకించి, "ఇది మందు. ఎవరు కాదన్నా మందనే చెప్పు" అన్నాను. అక్కడితో ఆపాల్సింది. నోరు ఊరుకోదు కదా. "నా కోపం మాత్రం నేర్చుకోకమ్మా. ఎవరి మొహమ్మీదా తలుపు వెయ్యకు" అన్నాను.

ఆ పొడుగు ముక్క ఏమిటని పిల్ల తల్లి అడిగితే మా అమ్మాయి అనువాదం చేసి చెప్పింది. ఆవిడ తల అడ్డంగా ఊపింది. ఈ దేశంలో నల్లపిల్లకి కాస్త కోపం ఉండాలి ఆంటీ, ఆ రెండోది చాలు అంది. తర్వాత తండ్రి వంగి పిల్ల చెవిలో పేరు చెప్పాడు. వాళ్ళ వైపు పుట్టిన వారాన్ని బట్టి ఒక పేరు, అమ్మమ్మ ఇచ్చింది ఇంకొకటి. ఫోన్‌లో అమ్మమ్మ ఏదో అని నవ్వింది. ఏమిటంటే, ఎవరో చిన్నదాన్ని తెచ్చి నిలబెడతారేమోనని రాత్రంతా నిద్రపోలేదట, నా నెరిసిన జుట్టు చూశాక ధైర్యం వచ్చిందట. పార్లర్లు తెరిచాక కూడా నేను రంగు వేయించుకోలేదు.

ఇంట్లోకి వచ్చి బట్టలు మార్చుకుని, అలవాటు కొద్దీ దేవుడి అలమర ముందుకి వెళ్ళి అగ్గిపెట్టె తీశాను. తీసి, మళ్ళీ పెట్టేశాను. మర్నాడూ వెలిగించలేదు, ఆ మర్నాడూ లేదు. ఒక్కపూట కూడా దీపం మాననిదాన్ని అలా చూసి మా అమ్మాయి, ఏమైంది మమ్ అని అడిగింది.

"పదకొండో రోజు దాకా వెలిగించకూడదు" అన్నాను. "మనింట్లో పిల్ల పుట్టింది."